ఓబులేసు తాగలేదు

చచ్చిపోయిన మనిషి మీద నేనొక నింద వేశాను. పదమూడేళ్ళయింది. ఆ నింద ఇంకా మా ఊళ్ళో తిరుగుతూనే ఉంది. టీ కొట్టు దగ్గర చెప్పుకుంటారు, పెళ్ళి పందిట్లో చెప్పుకుంటారు, కొత్తగా తాగుడు మొదలుపెట్టిన కుర్రాళ్ళను బెదిరించడానికి చెప్పుకుంటారు. వేసింది నేనని ఎవరికీ తెలియదు. పైగా ఆ కథలో నేను మంచిదాన్ని. తమ్ముణ్ణి బాగుచేయాలని ఎంతో తాపత్రయపడిన అక్కను. నన్ను అన్నిటికన్నా ఎక్కువగా కుళ్ళబొడిచేది అదే.

ఎవరితోనైనా చెప్పుకుందామని చాలాసార్లు అనుకున్నాను. మా ఆయనకు చెప్పేద్దామని ఒకసారి నోరు తెరిచి, గ్యాస్ అయిపోయింది అని చెప్పి ఊరుకున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. పేర్లు మార్చాను. నా పేరు పెట్టే ధైర్యం ఇంకా రాలేదు. అంటే ఇది కూడా సగం ఒప్పుకోలే. ఆ సంగతి నాకు తెలుసు.

మాది బనగానపల్లె దగ్గర. నేను హైస్కూల్లో జీవశాస్త్రం టీచర్ని, పోయిన ఏడాది రిటైరయ్యాను. తమ్ముడు ఓబులేసు నాకంటే ఆరేళ్ళు చిన్న. అమ్మా నాన్నా తొందరగా పోవడంతో వాడి అన్నం, వాడి చదువు, వాడి పెళ్ళి అన్నీ నా చేతుల మీదే జరిగాయి. చదువు అబ్బలేదు. బండల ఫ్యాక్టరీలో పనికి కుదిరాడు. మా వైపు నేల తవ్వితే నాపరాయి పడుతుంది. దాన్ని పలకలుగా కోసి నునుపు చేసే ఫ్యాక్టరీలు ఊరి చుట్టూ ఉంటాయి. వాడు కోత మిషన్ మీద ఉండేవాడు. రంపం మీద నీళ్ళు పడుతూ ఉండాలి, చెయ్యి నిలకడగా ఉండాలి. ఓబులేసు కోస్తే కొలబద్ద పెట్టి చూడనక్కర్లేదని యజమానే అనేవాడు.

మొదట్లో సాయంత్రం ఒక్క క్వార్టరు. ఒళ్ళు నొప్పులకు అనేవాడు. తర్వాత మధ్యాహ్నం కూడా. చివరికి పొద్దున్నే పళ్ళు తోముకోకముందే గుక్క పడితే గానీ చెయ్యి వణకడం ఆగని స్థితికి వచ్చాడు. భార్య మాధవి చెప్పి చూసింది, ఏడ్చి చూసింది, పుట్టింటికి పోయి చూసింది. నేను తిట్టి చూశాను. నాకు చేతనయింది అదొక్కటే.

మా స్కూల్లో ఏటా మద్యానికి వ్యతిరేకంగా ర్యాలీ జరిగేది. జరిపేది నేనే. అట్టముక్కల మీద నినాదాలు రాయించి, పిల్లల్ని రెండు వరుసల్లో నిలబెట్టి బజారంతా తిప్పేదాన్ని. ఒక ఏడు ర్యాలీ బ్రాందీషాపు మలుపు తిరిగేసరికి ఓబులేసు షాపు మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి గబుక్కున లేచి, చేతులు జోడించి, నమస్తే టీచర్ అన్నాడు. ఎగతాళికి కాదు. పిల్లల ముందు అక్కా అని పిలిస్తే నాకు నామోషీ అని వాడు అనుకున్నాడు. కానీ పిల్లలు నవ్వారు. ముందు వరుస నవ్వింది, తర్వాత వెనక వరుస. వాళ్ళల్లో సగం మందికి వాడు నా తమ్ముడని తెలుసు. నేను తల ఎత్తుకుని, మద్యం మానండి అని ఇంకా గట్టిగా అరిపించాను. ఆ రోజు నుంచి వాడి జబ్బు కంటే నా పరువు నాకు పెద్దదయింది. ఇప్పుడు వెనక్కి తిరిగి చూసుకుంటే తెలుస్తున్న సంగతి కాదిది. అప్పుడే తెలుసు.

ఆ తర్వాత కొన్ని నెలలకు మిషన్ దగ్గర వాడి చెయ్యి అదిరింది. రంపం బొటనవేలి గోరు తీసుకుపోయింది. ఇంకొక్క వెంట్రుకవాసి జరిగి ఉంటే చెయ్యే పోయేది. యజమాని, నయం చేయించుకునేదాకా రావద్దు అని పంపేశాడు. వాడు ఇంటికి పోలేదు. వేలికి గుడ్డ చుట్టుకుని నేరుగా మా ఇంటికొచ్చాడు. వాకిట్లోనే కూలబడి, నా చేత కావడం లేదక్కా, నన్ను ఏదైనా ఆసుపత్రిలో పడేయి అన్నాడు.

తాగేవాణ్ణి చికిత్సకు ఒప్పించడానికి ఎంతమంది ఎన్ని పాట్లు పడతారో మీకు తెలిసే ఉంటుంది. కాళ్ళు పట్టుకుంటారు, ఉపవాసాలుంటారు, అన్నంలో ఏవేవో పొడులు కలుపుతారు. నా తమ్ముడు తనంతట తానే వచ్చి అడిగాడు. ఎంతమంది అక్కలకు దక్కుతుంది ఆ అదృష్టం? నాకు దక్కింది.

కర్నూలు తీసుకుపోయాను. డాక్టరు చిన్న వయసమ్మాయి. వాణ్ణి పరీక్ష చేసి, కాసేపు బయట కూర్చోమని చెప్పి నాతో ఒక్కదానితో మాట్లాడింది. మీరు బయాలజీ టీచరంటున్నారు కాబట్టి మీకు చెబితే అర్థమవుతుంది అని మొదలుపెట్టింది. ఇంతకాలం నరాలు మత్తుకు అలవాటు పడ్డాయి, ఒక్కసారిగా ఆపేస్తే రెండో రోజో మూడో రోజో తిరగబడతాయి, ఫిట్స్ రావచ్చు, లేనివి ఉన్నట్టు కనిపించవచ్చు, ప్రాణం మీదికి కూడా రావచ్చు అంది. ఇంట్లో మాత్రం ఆపించకండి, పది రోజులు మా దగ్గర ఉంచండి, మందులతో మెల్లగా దింపుతాం అంది. చేర్చుకోవడానికి చీటీ రాసిచ్చింది. నాకు అర్థమయింది. నూటికి నూరు పాళ్ళూ అర్థమయింది. నేను అడిగిన సందేహాలకు ఆమె మెచ్చుకుంది కూడా.

చీటీ పట్టుకుని బయటికొస్తే ఎదురుగా బెంచీ మీద మా ఊరాయన. నా దగ్గర చదువుకున్న పిల్ల తండ్రి. వాళ్ళెవరినో చూపించడానికి వచ్చినట్టున్నాడు. ఆయన తల మీదుగా బోర్డు కనిపిస్తోంది, మానసిక వైద్య విభాగం అని. ఏం టీచరమ్మా ఇక్కడికొచ్చారు అని పలకరించాడు. తెలిసినవాళ్ళెవరో చేరి ఉంటే చూసి పోదామని వచ్చాను అన్నాను. ఓబులేసు రెండడుగుల దూరంలో నిలబడి ఆ మాట విన్నాడు. కొంచెం పక్కకు జరిగి, నాతో రానివాడిలా గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. నేను మొయ్యలేనిది ఏదని అడిగితే ఫిట్స్ కాదు, చావు కాదు, ముందు ఆ పక్కకు జరగడమే చెబుతాను.

బస్టాండులో నంద్యాల బస్సు కోసం నిలబడ్డప్పుడు వాడు అడిగాడు.

"ఎప్పుడు చేరమన్నారక్కా?"

"బెడ్లు ఖాళీ లేవంట. నెల దాటాలంట."

"నెలంటే శానా రోజులక్కా. అంతదాకా నేను ఉండలేను. ఇంగో తూరి అడుగుదామా?"

"అది పిచ్చోళ్ళ వార్డు ఓబులేసూ. ఆడ పెడితే నీ కొడుక్కు రేపు ఏమని పేరొస్తాది? మాల ఏసుకుందువు పా. ఎంతమంది మానలేదు."

వాడు వేలికి చుట్టిన గుడ్డను విప్పి మళ్ళీ చుట్టుకున్నాడు. తర్వాత అన్నాడు.

"మాలంటే బయమక్కా నాకు. ఆసుపత్రిలో తప్పు చేస్తే డాక్టరు తిడతాది, అంతే గదా. దేవుని కాడ తప్పితే ఎట్ల?"

"నేనుండా గదా. తప్పనిస్తానా?"

అంతే జరిగింది. బస్సెక్కాక వాడు నిద్రపోయాడు. నేను చీటీని నాలుగు ముక్కలు చేసి కిటికీలోంచి వదిలేశాను.

మాల అంటే ఏమిటో తెలియనివాళ్ళకు చెప్పాలి. మా సీమలో తాగుడు మానాలనుకునేవాళ్ళకు ఒక దారి ఉంది. అనంతపురం దాటి కన్నడ సరిహద్దు వైపు పోతే పాండురంగని గుడి. ఏకాదశి నాడు అక్కడికి పోయి, స్నానం చేసి, తులసిమాల వేయించుకుంటారు. వరుసగా మూడు ఏకాదశులు గుడికి పోయి రావాలి. మాల మెడలో ఉండగా చుక్క ముట్టకూడదు. ముడితే మాత్రం ఊరికే పోదని అందరికీ నమ్మకం. ఆ భయంతోనే మానినవాళ్ళు ఊరికి పదిమంది కనిపిస్తారు. అదీకాక మాల వేసుకున్నవాణ్ణి తాగుబోతు అనరు. స్వామీ అంటారు. ఆ మాలను గానీ, దాన్ని నమ్మేవాళ్ళను గానీ నేను తప్పుపట్టడం లేదు. నాకు నమ్మకమే లేదు, అదీ సంగతి. దేవుడి మీద నమ్మకంతో తీసుకుపోయి ఉంటే అది మూర్ఖత్వం అనుకుని ఎప్పటికైనా క్షమించుకునేదాన్ని. నేను దేవుణ్ణి తెరగా వాడుకున్నాను.

ఇంకొకటి కూడా చెప్పాలి. గుడి దగ్గర మాలలు వేసే పెద్దాయన వాడి చేతుల వణుకు చూసి నన్ను పక్కకు పిలిచాడు. బాగా ముదిరినట్టుంది తల్లీ, డాక్టరుకు చూపించినారా, వాళ్ళు సరే అన్నారా అని అడిగాడు. చూపించాం, సరే అన్నారు అన్నాను. గుళ్ళో నిలబడి అన్నాను. డాక్టరు చెప్పింది, దేవుడి మనిషీ అడిగాడు. మధ్యలో నేను ఇద్దరికీ అడ్డం పడ్డాను.

ముందు రోజు సాయంత్రం తాగిందే చివరిది. శుక్రవారం మాల వేసుకున్నాడు. ఆ రోజు బాగానే ఉన్నాడు. చెమటలు పడుతున్నా నవ్వుతూనే ఉన్నాడు. ఊళ్ళోకి వచ్చేసరికి ఎదురొచ్చినవాళ్ళు స్వామీ అని దారి ఇచ్చారు. వాడి మొహం చూడాల్సింది. కొడుకు హరికి అప్పుడు పదేళ్ళు. నాన్న చెయ్యి పట్టుకుని బజారులో నడిచాడు. ఆ సంవత్సరంలో వాడు తండ్రితో కలిసి వీధిలోకి రావడం అదే మొదలు. మాధవి నా చేతులు పట్టుకుంది. నీ రుణం తీర్చుకోలేను వదినా అంది. నాకు గర్వంగా అనిపించింది. ఇదిగో, ఇదీ నేను.

శనివారం వణుకు ఎక్కువైంది. అన్నం ముద్ద నోటి దాకా పోలేదు. మాధవి తినిపించింది. నేను చూసి, మూడు రోజులు ఓర్చుకుంటే పోతుంది అన్నాను. మూడో రోజు సంగతి నాకు డాక్టరు చెప్పిన మాటే. దాన్నే ధైర్యం చెప్పే మాటగా మార్చేశాను. మనసులో మాత్రం ఒక మూల లెక్క నడుస్తూనే ఉంది. అందరికీ అలా జరగదు కదా, జరగవచ్చు అంది గానీ జరుగుతుంది అనలేదు కదా అని నాకు నేనే పాఠం చెప్పుకుంటున్నాను. చదువుకున్నవాళ్ళు తమను తాము మోసం చేసుకోవడంలో కూడా చదువుకున్నవాళ్ళే.

ఆదివారం మిట్టమధ్యాహ్నం హరి పరుగెత్తుకుంటూ వచ్చాడు. నేను పోయేసరికి వాకిట్లో ఇరవై మంది ఉన్నారు. ఓబులేసు నడవలో నిలబడి బండ కోస్తున్నాడు. ఎదురుగా ఏమీ లేదు. రెండు చేతులూ చాచి, లేని బండను ముందుకు తోస్తూ, నీళ్ళు రాలేదు, నీళ్ళు వదలండి, రంపం కాలిపోతోంది అని కేకలు పెడుతున్నాడు. ఒళ్ళు నిప్పులా కాలుతోంది. కళ్ళు ఎవరినీ పోల్చుకోవడం లేదు. ఎవరో ముసలమ్మ పూనకం అంది. ఇంకెవరో, పూనకం కాదు, ఏదో తప్పు జరిగింది అన్నారు. అంతలో వాడు మెడ తడుముకున్నాడు. పాము, పాము అని అరుస్తూ మాలను రెండు చేతులతో పట్టి తెంపేశాడు. తులసిపూసలు నడవంతా చెల్లాచెదురయ్యాయి. హరి వాళ్ళమ్మ కొంగు వెనక్కి పోయాడు.

మాధవి నా వైపు తిరిగింది.

"తాగినాడా వదినా?"

నేను ఏం చెప్పాలో నాకు తెలుసు. ఇది తాగినందుకు కాదు, ఆపినందుకు వచ్చింది, డాక్టరు ముందే చెప్పింది, బండి పిలవండి అని చెప్పాలి. పది మాటలు కూడా కావు. నోటి దాకా వచ్చాయి. అప్పుడు ఇంకో ఆలోచన వచ్చింది. నీకెట్లా తెలుసు అంటారు. డాక్టరు చెప్పిందా, మరి బెడ్లు లేవన్నావే అంటారు. ఇరవై మంది ముందు. టీచరమ్మను. ఆ ఆలోచనకు ఒక్క నిమిషం కూడా పట్టలేదని మీరు నమ్మాలి. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకుంటారట. నేను తడుముకోలేదు. పక్కవాడి భుజం చూపించాను.

"తాగినట్టే ఉండాడు" అన్నాను.

ఆ తర్వాత జరిగినదంతా ఆ మాట వల్లే జరిగింది. తాగినవాడికి చేసేవన్నీ చేశారు. నిమ్మకాయ నీళ్ళు పోశారు, మజ్జిగ పోశారు, పంపు కింద కూర్చోబెట్టి తల మీద బిందెలు గుమ్మరించారు. మాల తప్పినందుకు దండం పెట్టించబోయారు. దిగిపోతుందిలే, దిగాక పోయి దేవుడికి తప్పు చెప్పుకుంటాడు అన్నారు. రెండు గంటలు. నేను అక్కడే ఉన్నాను. బిందెలు అందించాను కూడా. ఆ రెండు గంటల్లో నంద్యాల పోయి ఉండవచ్చు. ఫిట్స్ మొదలయ్యాక గానీ వ్యాను పిలవలేదు. పాణ్యం దాటకముందే నా ఒళ్ళో పోయాడు.

బతికేవాడా? తెలియదు. బతకకపోనూ వచ్చు. ఆ ప్రశ్న వెనక దాక్కోవడానికి చాలా ఏళ్ళు ప్రయత్నించాను. కానీ నేను అడగాల్సిన ప్రశ్న అది కాదు. వాడు ఇచ్చిన మాట మీద నిలబడ్డాడు. మూడు రోజులు, ఒళ్ళంతా తిరగబడుతుంటే, ప్రాణం మీదికి వస్తుంటే, ఒక్క చుక్క ముట్టలేదు. జీవితంలో వాడు చేసిన అన్నిటికన్నా పెద్ద పని అది. దాన్ని కూడా నేను వాడికి మిగలనివ్వలేదు.

మాల తప్పినవాడు అని పేరు పడిపోయింది. దినాలకు వచ్చినవాళ్ళు ఏడవలేదు, భయపడ్డారు. మాధవికి ఏడుపు కంటే కోపం ఎక్కువ. బిడ్డ మొహం చూసైనా ఆగలేకపోయాడే అని గోడకేసి మాట్లాడేది. ఫోటో కూడా కట్టించలేదు. హరిని తీసుకుని రాయచోటిలో పుట్టింటికి పోయింది. పోయేరోజు నాతో, నువ్వు శానా చేసినావు వదినా, ఆయన రాత అంతే అంది. ఆ మాట విని నేను తల ఊపాను.

ఇక్కడితో ఆగి ఉంటే కొంతలో కొంత. మరుసటి ఏడు ర్యాలీ తర్వాత పిల్లలకు ఉపన్యాసం ఇవ్వాల్సి వచ్చింది. మా తమ్ముడి కథే చెప్పాను. దేవుడి మాల మెడలో ఉన్నా ఆగలేకపోయాడు పిల్లలూ, మద్యం అంత చెడ్డది అన్నాను. గొంతు బొంగురుపోయింది. నటన కాదు, నిజంగానే పోయింది. హెడ్మాస్టరు లేచి, సొంత ఇంటి దుఃఖాన్ని పిల్లల మంచి కోసం చెప్పిన ధైర్యం అన్నాడు. చప్పట్లు కొట్టారు. తర్వాతి సంవత్సరాల్లో కూడా చెప్పాను. చెప్పగా చెప్పగా కథలో కొన్ని వివరాలు చేరాయి. సీసా దిండు కింద దొరికింది అని కూడా ఒకసారి అన్నాను.

పోయిన నెల మాధవి ఫోన్ చేసింది. ఏళ్ళ తర్వాత. హరికి ఇరవై మూడేళ్ళు, టిప్పరు నడుపుతాడు, వాడు కూడా సీసా పట్టుకున్నాడు అంది. పొద్దున్నే మొదలవుతోంది వదినా, చేతులు వణుకుతాండాయి అంది. కడపలో మంచి డాక్టరున్నారట, వాడు రానంటున్నాడు, నువ్వయితే టీచరువు, నీ మాట వింటాడేమో ఒక్కసారి వచ్చి చెప్పు అని బతిమాలింది. నన్ను. ఆ పనికి ప్రపంచంలో ఇంకెవరూ దొరకనట్టు.

పోయాను. బస్సులో పాఠం తయారుచేసుకున్నాను. కాలేయం, నరాలు, ప్రమాదాలు, తల్లి కన్నీళ్ళు. ముప్ఫై ఏళ్ళు చెప్పినదే. రాయచోటిలో వాళ్ళది చిన్న ఇల్లు. ముందు గదిలో మాధవి కుట్టుమిషన్ తొక్కుతోంది. హరి మంచం మీద కూర్చుని ఉన్నాడు. అచ్చం ఓబులేసు భుజాలే. నా పాఠమంతా మర్యాదగా విన్నాడు. విని, తల ఎత్తకుండా అన్నాడు.

"మా నాయన దేవుని మాల మెడలో ఉంటేనే ఆగలేకపోయినాడు అత్తా. నన్ను డాక్టరు యాడ ఆపుతాది? ఇది మా రక్తంలో ఉండాది. నన్ను ఇడిసిపెట్టండి."

వాడు మొండికేసి చెప్పలేదు. తెలిసిన విషయం చెప్పినట్టు చెప్పాడు. వాడికి అది తెలిసిన విషయమే. నేనే చెప్పాను వాడికి, పదేళ్ళ వయసులో, వాళ్ళమ్మ కొంగు వెనక నిలబడి వింటుంటే. నేను ఒక మనిషి పేరు మాత్రమే చెడగొట్టాననుకున్నాను. ఆ మాట పదమూడేళ్ళుగా ఈ బిడ్డ లోపల కూర్చుని, నువ్వు ఆగలేవు, మీ నాన్న ఆగలేదు అని చెబుతూ ఉందని నాకెందుకు తోచలేదు? తోచలేదా, తోచనివ్వలేదా?

ఇప్పుడు కూడా వెనక్కి తగ్గడానికి దారులు కనిపించాయి. అబద్ధం ఆడకుండా, నా తప్పూ బయటపెట్టకుండా వాణ్ణి ఒప్పించే మాటలు ఏమైనా ఉన్నాయేమో అని వెతికాను. సగం నిజం చెప్పి సరిపెట్టవచ్చా అని చూశాను. ఉన్నాయేమో కూడా. కానీ వాడి చెయ్యి మంచం పట్టె మీద వణుకుతోంది. పట్టె కూడా సన్నగా చప్పుడు చేస్తోంది.

చెప్పేశాను. డాక్టరు మాటలు, బెంచీ మీద ఆయన, బెడ్లు లేవన్న అబద్ధం, చింపిన చీటీ, వాకిట్లో నేనన్న మాట. దిండు కింద సీసా కూడా. మీ నాన్న తాగలేదు అన్నాను. ఆసుపత్రికి పోతానని రెండుసార్లు తనే అడిగాడు, పోనివ్వనిది నేను అన్నాను. చెబుతుంటే నా గొంతు బొంగురుపోలేదు. పాఠం చెప్పినట్టే చెప్పాను. నాకు వేరే విధంగా చెప్పడం రాదు.

మాధవి కాలు మిషన్ మీద ఆగిపోయింది. నేను తిట్లకు సిద్ధంగా ఉన్నాను. చెప్పు తీసుకుంటే బాగుండు అని కూడా అనుకున్నాను. ఆమె తిట్టలేదు.

"నేను సూసినా వదినా" అంది. "ఆ పొద్దు పంపు కింద కూర్చోబెట్టినప్పుడు ఆయన నోటి కాడ ముక్కు పెట్టి సూసినా. వాసన రాలేదు. తొమ్మిదేండ్లు ఆ వాసనతో కాపురం చేసిన దాన్ని, నాకు తెలీదా? నువ్వు టీచరువు, నువ్వే తాగినాడన్యాక నా ముక్కునే అనుమానపడినా."

లేచింది. నా పక్క నుంచే నడిచి వాకిట్లోకి పోయింది. పక్కింటామెను గోడ మీదుగా పిలిచింది. మా ఆయన తాగలేదంట, మాలలో తాగలేదంట అని చెప్పింది. ఆమెకు ఏమీ అర్థం కాలేదు, ఎవరు, ఎప్పుడు అని అడుగుతోంది. మాధవి మళ్ళీ అదే చెప్పింది. నవ్వుతోందో ఏడుస్తోందో నాకు లోపలి నుంచి తెలియలేదు. ఎదురింటి వైపు కూడా పోయి చెప్పింది. నన్ను గురించి ఒక్క మాట కూడా అనలేదు. ఆ కథలో ఇప్పుడు నేను లేను. మంచిదాన్నిగా కాదు, చెడ్డదాన్నిగా కూడా కాదు.

హరి నన్ను ఏమీ అడగలేదు. వాళ్ళమ్మ లోపలికి వచ్చాక, కడపకు పొద్దున బస్సు ఎన్నింటికి అని ఆమెను అడిగాడు. ఎప్పటినుంచి తాగుతున్నానో, ఎంత తాగుతున్నానో డాక్టరుకు అంతా చెబుతాను, నువ్వూ లోపలే కూర్చుని విను, మనిద్దరికీ తెలియాలి అన్నాడు. నేను కూడా రానా అన్నాను. వద్దు అన్నాడు. కోపంగా కూడా కాదు. వచ్చిన చుట్టాన్ని ఎంత మామూలుగా వద్దంటారో అంత మామూలుగా. నేను చెప్పులు వేసుకున్నాను. ఎవరూ పోయిరమ్మనలేదు.

కడపలో బస్సు మారాను. కిటికీ పక్క సీటు దొరికింది. వాడు రేపు నిజంగా పోతాడా, పోయినా నిలబడతాడా, మాధవి నాతో ఇక ఈ జన్మలో మాట్లాడుతుందా అని ఆలోచించుకుంటూ పోదామనుకున్నాను. ప్రొద్దుటూరు రాకముందే నిద్ర పట్టేసింది. పదమూడేళ్ళలో అలాంటి నిద్ర లేదు. జమ్మలమడుగు తెలియలేదు, కోవెలకుంట్ల తెలియలేదు. బస్సంతా ఖాళీ అయ్యాక కండక్టరు వచ్చి భుజం తట్టి లేపాడు. అంత హాయిగా నిద్రపోయినందుకు నా మీద నాకు అసహ్యం వేసింది. ఆ రాత్రి ఇంట్లో కూడా అలాగే నిద్రపోయాను.